మైలేజీ మామ చెప్పిన ఒక్క అబద్ధం

డీజిల్ నురగ వాసన మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. బంకులో గన్ను టక్కుమని ఆగిపోయాక ట్యాంకు మూతి దగ్గరికి వంగితే తెలుస్తుంది. ఆముదంలో కిరసనాయిలు కలిపినట్టు ఘాటుగా ఉంటుంది. నురగ గబుక్కున మూతి దాకా లేచి, బుడబుడమంటూ మళ్లీ లోపలికి దిగుతుంది. నిన్న మా తమిళనాడు ధర్మపురి బైపాసు మీద బంకులో ఆ వాసన తగిలేసరికి నా చెయ్యి దానంతట అదే బండి పక్కపలకను పట్టుకొని అటూ ఇటూ ఊపింది. డీజిల్ పట్టే అమ్మాయి తమిళంలో "బండికి పూనకం వచ్చిందా అక్కా?" అని నవ్వింది.

బండిని ఊపి, లోపలి గాలిని బయటికి పంపి, మూతి దాకా నింపడం గోవిందసామి మామ నేర్పిన విద్య. నిండుగా నింపుకొని పోవాలి, తిరిగి వచ్చాక అదే బంకులో అదే మూతి దాకా మళ్లీ నింపాలి. రెండోసారి ఎంత పట్టిందో అదే బండి తిన్న తిండి. షోరూము వాళ్లు చెప్పే మైలేజీ ఆయన నమ్మడు, స్టీరింగు వెనుక వెలిగే అంకెనూ నమ్మడు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మనకొక సామెత ఉంది కదా, మామ అందులోంచి దేవుణ్ణి దింపేసి "నీరు పల్లమెరుగు, నిజము ట్యాంకెరుగు" అనేవాడు. బంకు వాళ్లకు ఆయన బండి కనబడితే తలనొప్పి వచ్చేది. నింపడం అయిపోయిందన్నాక కూడా "ఇంకా పడుతుంది, ఇంకా పడుతుంది" అంటూ బండిని ఊయల ఊపుతూ నిలబడేవాడు మరి.

అదియమాన్‌కోట్టైలో మా అత్తవారింటికి ఆయనది ఎదురిల్లు. చామంతి పూల మూటలు తోలడానికి ఒక పికప్ ఉండేది. లారీ అంత పెద్దది కాదు, ఆటో అంత చిన్నదీ కాదు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనుక పొడవాటి తొట్టి. వీధికంతా ఆయన మామే, కాకపోతే పేరుకు ముందు ఒక బిరుదు ఉండేది. మైలేజీ మామ. మిగతా వాళ్ల పికప్‌లు లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తే దేవుడికి కొబ్బరికాయ కొట్టుకునేవారు. మామ బండి పదిహేను ఇచ్చేది.

మా అమ్మగారి ఊరు కుప్పం దగ్గర. అక్కడ తెలుగు బడిలో చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మా అత్తవారి వైపు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, తెలుగు అక్షరాలు చూపిస్తే జిలేబీలని నవ్వుతారు. మాటల్లో కూడా సగం తమిళమే. టమాటాను తక్కాళి అంటారు, కొండదారి కనుమను కనవాయి అంటారు, ఊరికే అనవలసిన చోట సుమ్మా అంటారు. ఈ చివరి మాట దగ్గరే నాకూ మామకూ పరిచయం.

పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఉక్క భరించలేక వాకిట్లో అరుగు మీద వచ్చి కూర్చున్నాను. ఇస్త్రీకి ఇవ్వవలసిన బట్టల సంచి పక్కనే ఉంది. ఎదురింటి ముందు బండి తుడుచుకుంటున్న పెద్దాయన పలకరించాడు.

"ఏమ్మా, ఈ ఎండలో బయట కూచున్నావు? యాడికి?"

"ఊరికే మామా," అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది. "ఊరికేనా? కాళ్ల పసుపు ఇంకా ఆరలే, అప్పుడే ఊరికా? ఎవురేమన్నారు నిన్ను?"

నేను నోరు తెరిచేలోపే మా అత్తగారిని కేకేశాడు. "యమ్మా! కొత్త కోడలు కోపం చేసుకోని ఊరికి పోతా ఉండాది, నువ్వు లోపల టీవీ చూస్తా ఉండావా?" అత్తగారు చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. ఈలోగా నా బట్టల సంచి మామ బండి తొట్టిలోకి ఎక్కిపోయింది. "పోయేదానివి పోతావు, బస్టాండు దాకా నేను ఇడుస్తా. సేలం బస్సు ఎక్కేవు, అది కాదు. కృష్ణగిరి మీద పోవల్ల," అని దారి కూడా చెప్పాడు. "ఊరికి కాదు మామా, ఊరికే! సుమ్మా, సుమ్మా!" అని నేను గొంతు చించుకున్నాక గానీ వాళ్లకు అర్థం కాలేదు. అప్పుడు మామ బండి బానెట్ మీద చేతులాన్చి నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. ఆ పూట నుంచి ఆ మాట ఆయన సొంతమైపోయింది. నన్ను చూస్తే చాలు, "ఏం రుక్కూ, ఊరికా, ఊరికేనా?" అనేవాడు.

నాకు బండి నేర్పింది కూడా ఆయనే. మా ఆయన శీనివాసులుకు అప్పటికే సొంత పికప్ ఉంది గానీ, నేర్పే ఓపిక లేదు. రెండుసార్లు ఇంజను ఆగిపోతే మూడోసారికి తాళం లాక్కునే మనిషి. మామ మాత్రం సంత లేని రోజుల్లో నన్ను సంత మైదానానికి తీసుకుపోయేవాడు. మొదట చెప్పులు విడిపించాడు. "పెడల్ని తొక్కరాదు. చంటిబిడ్డను జోకొట్టినట్ల పాదం ఆనించల్ల. బిడ్డ ఏడ్చిందంటే డీజిల్ పోయిందని అర్థం," అన్నాడు. ఎదురుగా ఎద్దుబండి కనబడితే నేను దాని దాకా జోరుగా పోయి బ్రేకు కొట్టేదాన్ని. ఆయన తల పట్టుకునేవాడు. "దూరం నుంచే కనబడె కదా అది? డీజిల్ పోసి వేగం తెచ్చుకునేది, బ్రేకు వేసి దాన్ని పారబోసేది. అన్నం వండి వీధిలో పోసినట్ల." ఆ మాట ఎంత గట్టిగా నాటుకుందంటే, ఇప్పటికీ అనవసరంగా బ్రేకు తొక్కితే అన్నం పారబోసిన పాపమేదో చుట్టుకున్నట్టు ఉంటుంది.

ఆయన పిచ్చి గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు. రాజమ్మత్త, అంటే ఆయన భార్య, ఊరికి పోవడానికి సంచులు సర్దుకుంటే ఒక్కో సంచీ ఎత్తి బరువు చూసేవాడు. "ఇదేంది, రోలు కూడా పెట్టినావా?" అనేవాడు. "నన్ను కూడా దింపేసి పో, ఇంకా బాగా ఇస్తాది నీ బండి," అనేది అత్త. లిఫ్టు అడిగిన బొద్దు మనుషులకు ఆయన బండిలో ఎప్పుడూ చోటుండేది కాదు, బక్కవాళ్లకు మాత్రం ఎలాగో దొరికేది. ఇంత పిసినారితనం ఉన్నా అంకె దగ్గర మాత్రం నిజాయితీ మనిషి. టీ అంగడి దగ్గర బండివాళ్లు చెప్పే మైలేజీ, పెళ్లిచూపుల్లో చెప్పే జీతం ఒకే జాతివి, సగం కోసేసి వినాలి. మామ చెప్పింది మాత్రం కోయక్కర్లేదు. ఎవడైనా అనుమానంగా చూస్తే "రా, బండెక్కు, నింపి చూపిస్తా," అని రెక్క పట్టుకొని లాగేవాడు, రోజంతా పోతుందని వాళ్లే జారుకునేవాళ్లు. ఆయనకు పొలం లేదు, పిల్లలు లేరు, చెప్పుకోదగ్గ చదువు లేదు. ఆ పదిహేను మాత్రం ఉంది. దాన్ని చెప్పుకునేటప్పుడు మీసం కొంచెం పైకి లేచేది.

కొన్నేళ్లకు శీనివాసులు టమాటా పెట్టెలు దించుతూ నడుము పట్టేసి పడిపోయాడు. వెన్నులో పూస జరిగిందన్నారు, బండి ఎక్కరాదన్నారు. బండి ఇంటి ముందు నిలబడితే ఇల్లు నడవదు. నేను తోలతానన్నాను. అత్తగారు ముక్కున వేలేసుకుంది గానీ వేరే దారి లేక ఊరుకుంది. పెరియంపట్టి వైపు తోటల్లో టమాటా ఎక్కించుకొని, ధర్మపురి దాటి, తొప్పూరు కనుమ దిగి సేలం మండీకి చేర్చడం నా పని. మొదటి వారం ప్రతి మలుపులో హారను కొట్టుకుంటూ పోయాను. తరువాత ఆ పని మీద నాకు ఎంత ఇష్టం పుట్టిందో చెప్పలేను. తెల్లవారుతుండగా టమాటా ఆకు పసరు వాసన, కిటికీలోంచి చల్లగాలి, మండీలో నా పేరు పెట్టి పిలిచే మనుషులు. ఇంట్లో నేను ఒకరి కోడల్ని, ఒకరి పెళ్లాన్ని. ఆ సీట్లో కూర్చుంటే మాత్రం రుక్మిణిని. ఆ సీటు పోతుందంటే నాకు ప్రాణం పోయినంత పని.

అది పోయేదాకా వచ్చిన రోజూ ఒకటుంది. మంచం మీద పడుకున్న మనిషికి వేరే పనేముంటుంది, సాయంత్రం నేను రాగానే "ఎంత ఇచ్చింది?" అనేవాడు శీనివాసులు. ఆయన చేతిలో బండి పద్నాలుగు ఇచ్చేదట. నా చేతిలో పదికి ఈడ్చుకుంటూ వస్తోంది. "ఆడోళ్లు తోలితే బండి కుడితి తాగినట్ల తాగుతాది," అన్నాడు ఒకరోజు, ఇంటికొచ్చిన వాళ్ల ముందు. నాకు ఒళ్లు మండింది. నేరుగా ఎదురింటికి పోయి మామతో చెప్పాను. మరునాడు పూల లోడు వేరేవాళ్లకు అప్పజెప్పి ఆయన నా పక్క సీట్లో ఎక్కాడు.

దారి పొడుగునా నా తప్పులు ఏరాడు. టైర్లను తట్టి చూసి గాలి తక్కువుందన్నాడు. లోడు మీద టార్పాలిన్ పటపటా కొట్టుకుంటుంటే బండి ఆపించి, తాళ్లు తానే బిగించాడు. "ఆ గుడ్డ గాలిని పట్టుకోని బండిని ఎనక్కి లాగుతా ఉండాది. నువ్వు ముందరికి, అది ఎనక్కి." క్లచ్ మీద కాలు పెట్టి కూర్చునే అలవాటు నాకుంది, దానికి మోకాలి మీద ఒకటి వేశాడు. కనుమ మొదట్లో రెండో గేరు వేయించాడు, కింద చదును వచ్చేదాకా తీయనివ్వలేదు. ఇంజను గుర్రుమంటూ బండిని పట్టుకొని మెల్లగా దించుతోంది. వెనుక లారీలు హారన్లతో చెవులు చిల్లులు పెడుతున్నాయి. నేను కంగారు పడితే, "కొట్టుకోనీ. హారనుకు మన మైలేజీ తగ్గదులే," అన్నాడు. తిరిగి వచ్చి మూతి దాకా నింపితే లెక్క పన్నెండు తేలింది. మామ ముఖం వెలిగిపోయింది. "తక్కాళి లోడుతో కనవాయి దిగి, మళ్లా ఎక్కే బండికి ఇదే నిజము. దీనికి మించి చెప్పినోడు అబద్ధం చెప్పినట్లే."

ఆ మాట నేను ఇంట్లో చెప్పడమే పొరపాటైంది. "అట్లయితే నా పద్నాలుగు అబద్ధమా?" అని శీనివాసులు లేచి కూర్చోబోయి నడుము పట్టుకున్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. డీజిల్ మిగులుతుందని కనుమ పైన ఆయన బండిని న్యూట్రల్లో వదిలేసేవాడు. గేరు ఉండదు, ఇంజను పట్టు ఉండదు, లోడు తోసుకుపోతుంటే బ్రేకు ఒక్కటే దిక్కు. ఆ దిగుడులో ఎన్ని బండ్లు అలా వదిలి బోల్తా పడ్డాయో అందరికీ తెలుసు, అయినా చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. పైగా ఆయన లెక్క కట్టింది దిగేటప్పుడు మాత్రమే, తిరిగి ఎక్కేటప్పుడు తాగింది లెక్కలో లేదు. అది ఎత్తి చూపితే కోపం రెట్టింపైంది.

"మామకు పదిహేను ఎట్ల వచ్చెననుకుంటివి? ముందర సేలానికి మామిడికాయ తోలినోడే కదా ఆయన. కనవాయంతా న్యూట్రల్లోనే దింపి ఉంటాడు. నువ్వూ అట్లనే దింపు. భయమైతే చెప్పు, బండి అమ్మేస్తా. అడిగేవాళ్లు ఉండారు."

అంటే బండిని న్యూట్రల్లో వదలాలి, లేకపోతే బండినే వదులుకోవాలి. ఆ సాయంత్రం రాజమ్మత్త వాకిట్లో కూర్చొని ఇదంతా చెప్పి ఏడ్చాను. మామ వింటూ పూలదారం వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మరునాడు బండి చూడటానికి మనుషులొచ్చారు. వాళ్లతోపాటు టీ అంగడి దగ్గరి బండివాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా చేరారు. బేరం మొదలయ్యేలోపు మామ వచ్చి శీనివాసులు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు.

"శీనా, నువ్వు అనిందే నిజము. ఆ పదిహేను నాది కాదు, కనవాయిది. న్యూట్రల్లో ఇడిచి తెచ్చినా."

ఆయన తల ఎత్తకుండానే చెప్పుకుపోయాడు.

"ఒకనాడు మామిడి లోడు. పైననే ఇడిచేసినా. బ్రేకు తొక్కి తొక్కి, కాలికింద దూదిమాదిరి అయిపోయె. గేరు వేస్తామంటే పడలే. ముందర స్కూలు వ్యాను. ఎనక అద్దంలోనుంచి పిల్లోళ్లు నన్ను చూసి చెయ్యి ఊపుతా ఉండారు. వాళ్లకేం తెలుసు? బండిని గుట్టకు రాసి రాసి నిలబెట్టినా. ఆ పిల్లోళ్లు ఇంకా చెయ్యి ఊపుతానే ఉండిరి." అప్పుడు తల ఎత్తాడు. "ఊరికే వస్తాదనుకుంటే ఊరికి రాము, శీనా. నీ పెండ్లాము పన్నెండు తెస్తా ఉండాది. ఆ పన్నెండు ఊరికి వచ్చే పన్నెండు. దాన్ని తోలనీ."

శీనివాసులు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆయనకూ ఆ దిగుడులో ఏదో ఒక రోజు కాలికింద బ్రేకు మెత్తబడి ఉంటుందని నాకు అప్పుడే తోచింది. చివరికి వచ్చినవాళ్లతో బండి అమ్మేది లేదన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

అలాంటి మాట టీ అంగడికి చేరడానికి ఎంతసేపు? మైలేజీ మామ కాస్తా ఊరికే మామ అయిపోయాడు. "ఏం మామా, ఈ పొద్దు ఊరికే ఎంత వచ్చె?" అని చిన్నా పెద్దా అడిగేవాళ్లు. ఆయనా వాళ్లతోపాటు నవ్వేవాడు. కానీ ఎవరినీ మళ్లీ "బండెక్కు, నింపి చూపిస్తా" అని పిలవలేదు. మైలేజీ గురించి మాట వస్తే గ్లాసులోని టీ మీదికి చూపు దించుకునేవాడు. నాకు ఆయన మీద ప్రేమ ఇసుమంత కూడా తగ్గలేదు గానీ, ఆ పదిహేను నేనూ నమ్మిందే కదా, లోపల ఎక్కడో వెలితిగా ఉండేది. పోనీలే, తప్పు చేసినా ఒప్పుకున్నాడు కదా అని సరిపెట్టుకున్నాను.

కిందటి ఏడు మామ పోయాడు. ఒక ఉదయం పూల మూటలు ఎక్కించి, టార్పాలిన్ తాడు ముడి వేస్తూ అలాగే కూలబడ్డాడు. కర్మకాండలన్నీ అయ్యాక రాజమ్మత్తకు తోడుగా పోయి కూర్చున్నాను. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ, "పాపం మామ, ఆ కనవాయి సంగతి అందరి ముందర ఒప్పుకున్నాడు చూడు అత్తా, ఎవురికి వస్తాది ఆ గుండె?" అన్నాను.

అత్త నావైపు వింతగా చూసింది. "ఆయనా? న్యూట్రల్లోనా? మామిడి తోలిన కాలంలో పక్క సీట్లో కూచున్నది నేనే కదమ్మా. మా అత్తతో పడలేదని నన్ను కూడా లోడుతో పాటు ఎక్కించుకోని పోతుండె. పైన రెండో గేరు వేస్తే కింద దాకా మార్చడు. నడిచిపోయేవాళ్లు మమ్మల్ని దాటుకోని పోతుండిరి. స్కూలు వ్యానంట! ఆ కాలంలో ఆ దోవలో స్కూలు వ్యాను యాడుండె?"

"మరి ఎందుకట్ల చెప్పినాడు అత్తా?"

"నేనూ ఆ పొద్దే తిట్టినా. నలుగురి ముందర పరువు పోగొట్టుకోని వచ్చినావే, నీకేమొచ్చె అని. 'నేను చేయలే, నువ్వూ చేయొద్దు అంటే వాడు వినడు రాజమ్మా. చేసి చెడినోడు చెప్తేనే వింటాడు. ఆ పిల్లకు ఆ బండి ప్రాణం. నా పదిహేను పోతే పోనీ' అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనే పోయినాక ఒట్టు ఎవురికమ్మా?"

ఆ తరువాత నేను ఎంతసేపు ఏడ్చానో, అత్త నన్ను ఎంతసేపు నిమిరిందో గుర్తులేదు. బతికున్నప్పుడు తెలిసి ఉంటే ఆయన కాళ్ల మీద పడేదాన్ని. అందుకే తెలియనివ్వలేదేమో.

ఇప్పటికీ నేను టమాటా తోలుతూనే ఉన్నాను. ఎవరు అడిగినా నా బండి పన్నెండు ఇస్తుందనే చెబుతాను, వాళ్లు జాలిగా చూస్తారు, చూసుకోనీ. కానీ టీ అంగడి దగ్గర ఎవరైనా ఊరికే మామ అని నవ్వితే మాత్రం గ్లాసు కింద పెట్టి జరిగిందంతా చెబుతాను. కొందరు నమ్ముతారు. కొందరు పదిహేను ఏ బండికీ రాదని కొట్టిపారేస్తారు, రెక్క పట్టుకొని బండెక్కించి చూపించడానికి ఆయన లేడు. అందుకని ఆయన్ని ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. గోవిందసామి మామ బండి లీటరుకు పదిహేను ఇచ్చేది. మైలేజీ విషయంలో ఆయన అబద్ధమాడింది ఒక్కసారే, అది నా కోసం.